ఎల్లవ్వ గోర్లు

ఎల్లవ్వ అనే మనిషి లేదు. నేను కల్పించుకున్నాను. వయసు అరవై రెండు. నలుపు. కుడి కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. ముంజేతుల నిండా పచ్చబొట్లు, నడుముకు ఒక చిన్న కత్తి. ఆ కత్తి చంపడానికి కాదు, బొడ్డు కోయడానికి. ఆవిడ మంత్రసాని. రెండేళ్లుగా శనివారం రాత్రుళ్లు తార్నాకలో ఒక స్నేహితురాలి ఇంట్లో, భోజనాల బల్ల చుట్టూ కూర్చుని మేం ఆరుగురం ఆడే ఆటలో నా పాత్ర ఆవిడ. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఇందులో గెలుపోటములు లేవు. ఒకరు కథ నడుపుతారు, మిగిలిన వాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. "మీ ముందు కూలిపోయిన కోటగోడ ఉంది, లోపల్నుంచి ఎవరో ఏడుస్తున్నారు, ఏం చేస్తారు?" అని అడుగుతుంది కథ నడిపే అమ్మాయి. ఏం చేస్తామో చెబుతాం. చేయగలిగామో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నేను పీహెచ్‌డీ చేసింది తెలంగాణ మౌఖిక కథాసంప్రదాయాల్లో స్త్రీల శ్రమ మీద. రికార్డరు పట్టుకుని ఊళ్లు తిరిగి, కథకుడి వెనక కూర్చుని వంత పాడే భార్య పేరు ఏ పుస్తకంలోనూ ఎందుకు లేదని నాలుగు వందల పేజీలు రాసినదాన్ని. ఈ బల్ల దగ్గర కూర్చున్న మొదటి రాత్రి ఇదేదో నాకు తెలిసిన వ్యవహారమే అనిపించింది. వినేవాళ్లే చెప్పేవాళ్లు కావడం ఒక్కటే కొత్త.

ప్రతి ఆటగాడికీ, ఆటగత్తెకీ ఒక కాగితం ఉంటుంది. బలం ఎంత, తెలివి ఎంత, సంచిలో ఏమున్నాయి, అన్నీ అందులో రాసుకుంటాం. 2014లో వచ్చిన అయిదో కూర్పు కాగితం రెండో పేజీలో ఒక ఖాళీ గడి ఉంటుంది, పాత్ర రూపం కోసం. ఎల్లవ్వ గడి ఏడాదిన్నర ఖాళీగానే ఉంది.

మా ఆరుగురిలో ఒకమ్మాయి చిత్రకారిణి. ఆమె పేరు నేను రాయడం లేదు, వద్దంది. పేర్లు పోవడం గురించి రాస్తున్న వ్యాసంలో ఇదొక ఇబ్బందే, కానీ ఆమె మాట కాదనలేను. ఫైన్ ఆర్ట్స్ చదివింది. ఇలాంటి ఆటలాడే విదేశీయులకు వాళ్ల పాత్రల బొమ్మలు గీసి పంపడం ఆమెకు కొంత జీవనాధారం. ఎల్లవ్వను గీయమని అడిగితే, "నాలుగు వేలు అక్కా, నీకని చెప్పి. బయట ఇంకా ఎక్కువ దీసుకుంట" అంది. సరే, వచ్చే నెల చూద్దామన్నాను. ఆ వచ్చే నెల రాలేదు. గెస్టు లెక్చరరుకి జీతం మూడు నెలలకోసారి వస్తుంది. అయినా నిజం చెప్పాలంటే అదొక్కటే కారణం కాదు. నాలుగు వేలు పెట్టి చీర కొన్నాను ఆ మధ్యలోనే.

ఒక రాత్రి పరీక్ష పేపర్లు దిద్ది విసుగొచ్చి, బొమ్మలు చేసిపెట్టే ఒక ఏఐ ప్రోగ్రాం తెరిచాను. మంత్రసాని, ముసలావిడ, భారతదేశం అని టైపు చేశాను. నగలతో పెళ్లికూతురు వచ్చింది. ముసలి అన్నమాటని ఇంకో రెండుసార్లు రాశాను. తెల్లటి జుట్టుతో, మడత లేని ముఖంతో, అదే పెళ్లికూతురు వచ్చింది. నల్లటి మనిషి అని రాస్తే ఫ్యాషన్ పత్రిక అట్ట మీది మోడల్. పేద అని రాస్తే కళ్లలో నీళ్లు, ఒంటి మీద చినుగులు, వెనకాల మురికివాడ. ఎల్లవ్వ కళ్లలో నీళ్లుండవు, ఉంటే పని చేయలేదు. నలభై సార్లకు పైగా ప్రయత్నించాక ఒక బొమ్మ వచ్చింది. నలుపే. ముడతలున్నాయి. చూపులో కొంచెం పొగరుంది. తెల్లవారుజామున రెండింటికి దాన్ని చూసి నిజంగానే గుండె ఝల్లుమంది. మా అమ్మమ్మ పోలిక కనపడింది. పోలిక అందులో ఉందో, నేను వెతుక్కున్నానో చెప్పలేను. మర్నాడు జిరాక్సు షాపులో రంగుల ప్రింటు తీయించి గడిలో అంటించాను. ఇరవై రూపాయలైంది.

శనివారం నాడు ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. నేను ముఖం గురించి ఏదన్నా అంటుందనుకున్నాను.

"చేతులు చూసినవా అక్కా?"

చూడలేదు.

"కాన్పు చేసే ఆమెకు గింతంత గోర్లుంటయా?"

నిజమే. పొడుగాటి, కొనదేరిన, మెరుస్తున్న గోళ్లు. మా అమ్మమ్మ మంత్రసాని. మా కులంలో మగవాళ్లు క్షవరం చేస్తే ఆడవాళ్లు కాన్పులు చేసేవారు, మొన్న మొన్నటి దాకా. అలాంటి ఇంట్లో పుట్టి, స్త్రీల శ్రమ మీద డాక్టరేటు తీసుకుని, చేతులు చూడలేదు నేను. ఆమె ఆ రాత్రి ఆట పూర్తిగా ఆడింది, ఎప్పటిలా జోకులు కూడా వేసింది. తర్వాత మూడు శనివారాలు రాలేదు.

ఆ మూడు వారాల్లో నాకు తెలిసిన పని నేను చేశాను, చదవడం. ఎవరు సరి, ఎవరు తప్పు అని తేల్చుకోవడానికి మొదలుపెట్టాను గానీ చదివిన కొద్దీ ఈ ఆటలో బొమ్మల చరిత్ర అంతా ఆడవాళ్ల చుట్టూనే తిరిగిందని అర్థమైంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు, టీఎస్ఆర్ అనే కంపెనీ పేరు మీద. ఆ కాలపు పుస్తకాల్లో ఆడ యోధురాలంటే ఇనుప రవికె, ఇనుప గోచీ. పొట్ట మీద కత్తి పోటు పడితే ఎలాగన్న ఆలోచన గీసినవాడికి లేదు, చూసేవాడికి అసలే అక్కర్లేదు. ఆ ఇనుప గోచీ మీద స్త్రీలు ఎన్ని ఏళ్లు పోట్లాడారో! 2014 కూర్పులో 'మనిషి' అన్న జాతికి నమూనాగా నల్లజాతి స్త్రీ బొమ్మ వేశారు. వొంటినిండా కవచంతో. అది ఒక కళా దర్శకుడో దర్శకురాలో కూర్చుని, ఒక మనిషిని పిలిచి, ఇలా గీయమని చెబితే వచ్చిన మార్పు. 2022లో వచ్చిన 'జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటాడెల్' అనే పుస్తకంలో కథలన్నీ శ్వేతజాతీయులు కాని రచయితలవే. అందులో ఒకటి మిమీ మండల్ రాసింది. బెంగాలీ దళిత రచయిత్రి. మన నదులు, మన బురద, మన జాతరల వాసన ఉన్న లోకం. అది చదివిన రాత్రే నేను ఎల్లవ్వని పుట్టించాను.

వీటన్నిటికంటే నన్ను పట్టుకున్నది జీన్ వెల్స్ కథ. టీఎస్ఆర్ రూపకల్పన విభాగంలో చేరిన మొదటి స్త్రీ, 1979లో. ఆమె రాసిన సాహసగాథ 'ప్యాలెస్ ఆఫ్ ద సిల్వర్ ప్రిన్సెస్' 1981లో అచ్చయింది. అచ్చయిన వెంటనే కంపెనీ పెద్దలు దాన్ని వెనక్కి తీసుకున్నారు, ప్రతులు నాశనం చేయించారు. కారణం బొమ్మలు. ఒక బొమ్మలో ఒక స్త్రీని ఆమె జుట్టుతోనే కట్టేసి వేలాడదీసి ఉంటారు, చుట్టూ ఆమెను హింసిస్తున్న మగవాళ్లు. కథలో అది ఒక రాక్షసి కల్పించే భ్రమ. అది గీసింది లారా రోస్లాఫ్ అనే స్త్రీ. ఇంకో బొమ్మలో మూడు తలల వింత జీవుల ముఖాలకు కంపెనీ వాళ్ల పోలికలు పెట్టారని ఇంకో గొడవ. టామ్ మోల్డ్‌వే అనే ఆయన చేత తిరగరాయించి అదే ఏడాది కొత్త బొమ్మలతో మళ్లీ వేశారు. జీన్ వెల్స్ పేరు అట్టమీద మిగిలింది, రెండో పేరుగా. ఆమె 2012లో చనిపోయింది. ఆ మొదటి నారింజ రంగు అట్ట ప్రతులు ఇవాళ సేకరణకర్తలకు అపురూపం.

ఇన్నేళ్ల తర్వాత ఆ బొమ్మని ఎలా చూడాలో నాకు స్పష్టంగా తెలియదు. అది హింసని అమ్ముతోందా, చూపిస్తోందా? స్త్రీ గీసింది కాబట్టి వేరుగా చదవాలా? తరగతిలో ఒక గంట చర్చ పెట్టొచ్చు. కానీ చర్చ పెట్టడానికి ఒక మనిషి ఉంది అక్కడ. 'ఎందుకిలా గీశావు?' అని అడగడానికి లారా రోస్లాఫ్ ఉంది. 'ఎందుకు రాశావు?' అనడానికి జీన్ వెల్స్ ఉంది. ఎల్లవ్వకు గోళ్లు ఎవరు పెట్టారు? ఎవర్ని అడగను?

దీనికి సాంకేతిక జవాబు ఉంది. ఈ ప్రోగ్రాంలకు ఇంటర్నెట్‌లోంచి పోగుచేసిన కోట్లాది బొమ్మల్నీ, వాటి కింది మాటల్నీ చూపించి నేర్పారు. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్‌కి లయాన్ అనే సంస్థ తయారుచేసిన పోగులు ఆధారం. అంతకు ముందటి పోగు లయాన్-400ఎంని 2021లో అబేబా బిర్హానే, ఆమె సహచరులు పరిశోధించారు. 'దేశీ' లాంటి మామూలు మాటతో వెతికినా బూతు బొమ్మలే వచ్చి పడ్డాయని రాశారు. ఆ సంగతి చదివాక ఎల్లవ్వ నలభైసార్లు పెళ్లికూతురిగానూ మోడల్‌గానూ ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నెట్‌లో ఉన్న స్త్రీ అంటే ఎవరో చూడాలని కోరుకున్న స్త్రీ. మా అమ్మమ్మ నెట్‌లో లేదు. ఆమెకున్న ఫోటో ఆధార్ కార్డు మీదిది ఒక్కటే. అందులో చేతులు రావు.

ఇక ఈ ఆటల ప్రపంచంలో ఏఐ బొమ్మల మీద రేగిన గొడవ చూస్తే, మన సాహిత్యసభల తగాదాలు ఏపాటివనిపిస్తుంది. పోలండు చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ ఈ ఆటలకు డ్రాగన్లు గీసి పేరు తెచ్చుకున్నవాడు. 2022 సెప్టెంబరు నాటికి జనం ఏఐకి ఇచ్చే ఆదేశాల్లో ఆయన పేరు సుమారు 93,000 సార్లు వచ్చిందని లెక్కతేలింది. ఆయన గీసింది కాదు, ఆయనలా గీయమని. తన పేరుతో వెతికితే తన బొమ్మలు దొరకని పరిస్థితి వస్తుందని ఆయన బాధ. 2023 జనవరిలో కార్లా ఓర్టిజ్ సహా ముగ్గురు చిత్రకారులు అమెరికాలో దావా వేశారు. మా ఆట పుస్తకాలు వేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీకి ఆమె బొమ్మలు గీసింది. 2024 ఆగస్టులో జడ్జి ఆ దావాలో ముఖ్యమైన అభియోగాలు ముందుకు సాగవచ్చన్నాడు.

పాత్‌ఫైండర్ ఆట ప్రచురించే పైజో 2023 మార్చిలోనే ఏఐ బొమ్మలు, రాతలు మా పుస్తకాల్లో ఉండవని ప్రకటించింది. విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ మాత్రం దొరికిపోయాకనే మాట్లాడింది. 2023 ఆగస్టులో రాక్షసుల మీద వచ్చిన వాళ్ల పుస్తకంలో కొన్ని బొమ్మలకు చిత్రకారుడు ఏఐతో మెరుగులు దిద్దాడని పాఠకులే పట్టుకున్నారు. మాకు తెలియదు, ఇకమీదట చిత్రకారులు వాడకూడదని నియమం పెడుతున్నాం అన్నారు. 2024 జనవరిలో వాళ్ల చీట్ల ఆట మ్యాజిక్ ప్రకటన బొమ్మ మీద అనుమానం వస్తే ముందు మనుషులే చేశారని బుకాయించి, కొద్ది రోజుల తర్వాత ఒప్పుకున్నారు. ఎనీ పురస్కారాల వాళ్లు 2023లో కొన్ని షరతులతో ఏఐ ఉన్న పుస్తకాలను పోటీకి రానిచ్చారు, ఆటగాళ్లు విరుచుకుపడ్డాక 2025-26 పోటీల నుంచి అసలు వద్దన్నారు.

ఇదంతా చూస్తే మనుషుల పక్షమే గెలిచినట్టు కనిపిస్తుంది. నాకు అంత నమ్మకం కలగలేదు. విజార్డ్స్‌కి యజమాని హాస్బ్రో. చిత్రకారులు ఏఐ ముట్టుకోకూడదని చెబుతున్న ఆ 2023 డిసెంబరులోనే హాస్బ్రో సుమారు 1,100 మందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2024లో ఆ సంస్థ అధిపతి క్రిస్ కాక్స్, తాను కలిసి ఆడే ముప్ఫై నలభై మందిలో ఏదో ఒక రకంగా ఏఐ వాడనివాళ్లు ఒక్కరూ లేరని మదుపుదార్ల సమావేశంలో ఉత్సాహంగా చెప్పాడు. పనిమనిషికి మడి, యజమానికి లేదు. ఈ సామెత లాంటిది మా అమ్మమ్మ అనేది, మాటలు వేరు, ఇక్కడ అచ్చు వేయడానికి కుదరదు.

ఇంకొక వాదన ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసేయలేను, ఎందుకంటే అది నా వాదనే. డబ్బులేని వాళ్ల సంగతేమిటి? ఒక్కర్తే కూర్చుని, తన ఊరి కథలతో ఒక చిన్న ఆట పుస్తకం రాసుకున్న అమ్మాయి, ఇరవై బొమ్మలకు ఎనభై వేలు ఎక్కడ్నుంచి తెస్తుంది? బొమ్మల్లేని పుస్తకం ఎవరూ కొనరు. కళని అందరికీ అందుబాటులోకి తెచ్చింది ఏఐ అంటారు. వినడానికి బావుంటుంది. నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు పుస్తకాలు కొనలేక జిరాక్సులు తీసుకు చదివినదాన్ని, హక్కుల గురించి పాఠాలు చెప్పే స్థితి నాది కాదు. కానీ జిరాక్సు కాపీ మీద రచయిత పేరు ఉండేది. ఆ తేడా నాకు మొదట తట్టలేదు.

పరిశోధనలో పటం కథల వాళ్లని కలిశాను. చేర్యాలలో నకాశీ కుటుంబాలు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద గీసే పటాలు మనకి ఇప్పుడు ప్రదర్శనల్లో గోడ అలంకారంగా తెలుసు. అవి గోడకోసం పుట్టినవి కావు. డక్కలి వాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్పాలంటే పటం కావాలి, కాకిపడగల వాళ్లకు తమ కథ చెప్పాలంటే పటం కావాలి. కథ చెప్పేవాడూ పేదవాడే, గీసేవాడూ ఉన్నవాడు కాదు. కథ ఇది, మా వాళ్లు ఇలా ఉంటారు, ఇక్కడ ఈ దేవత రావాలి అని చెప్పి గీయించుకునేవారు. అడ్వాన్సు, బాకీ, బేరం, అలక అన్నీ ఉండేవి. దాన్ని నేను పొగడబోవడం లేదు. కులం గీసిన గీత దాటి ఎవరూ గీయలేని ఏర్పాటు అది. నేను వెళ్లిన ఒక ఇంట్లో రంగులు నింపుతున్నది కోడలు, పటం అడుగున సంతకం మామది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం దాని మీదే. అయినా అక్కడ కథ చెప్పేవాడు గీసేవాడి గడప తొక్కాల్సి వచ్చేది. నేను ఆ గడప తొక్కకుండా తప్పించుకున్నాను. ఇరవై రూపాయల్లో.

నాలుగో వారం ఆమె ఇంటికి వెళ్లాను. బోడుప్పల్‌లో రెండు గదులు. కంప్యూటరు తెర మీద పెద్దగా ఒక చేయి ఉంది, చేయి మాత్రమే. ఆరు వేళ్లు.

"కూసో అక్కా. ఇది అయిపోగొట్టి చాయ్ పెడ్త."

ఏం చేస్తున్నావని అడిగాను. అప్పుడు తెలిసింది. ఏడాది కిందటి దాకా ఆమెకు బొమ్మల పని ఇచ్చిన ఒక స్టూడియో ఇప్పుడు బొమ్మలు ఏఐతోనే తీస్తోంది. ఆమెకిచ్చే పని దిద్దడం. వేళ్లు లెక్కపెట్టి ఎక్కువైతే తీసేయడం, గోళ్లు సరిచేయడం, కవచం కలిసిపోయిన మెడని విడదీయడం. బొమ్మకి ఇదివరకు ఇచ్చే దాంట్లో మూడో వంతు ఇస్తారు. పుస్తకంలో ఆమె పేరు ఉండదు, ఎందుకంటే ఆమె గీయలేదు. అది ఏఐ బొమ్మ అని కూడా ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఆమె దిద్దింది.

"దినాం ముప్పై నలభై చేతులు సూస్త. నీ కాగితం ఇచ్చినవు, నా కండ్లు సీదా చేతుల మీదికే పోయినయ్. నిన్ను తప్పు పట్టాలని గాదు."

తప్పు పట్టినా బావుండేది అన్నాను.

"పట్టిన గద మరి, మూడు వారాలు రాలే" అని నవ్వింది.

చాయ్ తాగుతూ ఇంకో సంగతి చెప్పింది. సొంతంగా బొమ్మలు గీయించుకునే విదేశీయులు ఇంకా కొందరున్నారు. ఏఐ అంటే మండిపడేవాళ్లు, మంచివాళ్లు, మనిషి చేత్తో గీసిందే కావాలనేవాళ్లు. వాళ్లు ఇప్పుడు బొమ్మతో పాటు రుజువు అడుగుతున్నారు. మొదటి గీత నుంచి చివరి రంగు దాకా తెర రికార్డు చేసి పంపాలి. పొరలు విడివిడిగా పంపాలి. ఒకామె అయితే కెమెరాలో చేయి కనపడేలా గీయమంది. "గీసుడు ఆరు గంటలు, గీసిన్నని చూపెట్టుడు రెండు గంటలు. ఆ రెండు గంటలకు పైసల్లేవ్." నాకు 2023 డిసెంబరు గొడవ గుర్తొచ్చింది. నెస్టర్ ఒసాండోన్ అనే చిత్రకారుడు గీసిన మరుగుజ్జు యోధుడి బొమ్మని ఏఐ అని కొందరు అరిచి అల్లరి చేశారు. ఆయన చేతితో గీసిందేనని కంపెనీ చెప్పాక క్షమాపణలు అడిగారు. ఆయనకి చెప్పడానికి ఒక కంపెనీ ఉంది. బోడుప్పల్‌లో ఈమెకి ఎవరు చెబుతారు?

సాహిత్యం చదువుకున్న ఆడవాళ్లకి ఇదేం కొత్త అనుభవం కాదనిపించింది నాకు. నువ్వే రాశావా, ఎవరైనా రాసిచ్చారా అన్న ప్రశ్నని దాటుకుని వచ్చినవాళ్లమే. 'రాధికా సాంత్వనం'లో ముద్దుపళని తన వంశపు ఆడవాళ్ల పేర్లు చెప్పుకుంది. 1887 నాటి ముద్రణలో ఆ భాగం ఎగిరిపోయింది. బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి వెతికి 1910లో మళ్లీ అచ్చువేసేదాకా ఆ పేర్లు లేవు. పేరు తీసేయడానికి యంత్రమే అక్కర్లేదు, ఒక పరిష్కర్త చాలు. అయితే ఆ పరిష్కర్త ఎవరో మనకి తెలుసు కాబట్టి ఇవాళ ఆయన్ని తిట్టుకోగలుగుతున్నాం.

నీకు దీని మీద కోపం లేదా అని అడిగాను, తెర మీది ఆరువేళ్ల చేయి చూపించి.

"దాని మీద ఏం కోపమక్కా. అది నా బొమ్మలు గూడ మింగింది గావచ్చు, నెట్ల పెట్టినవన్నీ పోయినయ్. గని నాకు కోపం వచ్చింది నువ్వు బేరం గూడ ఆడకపోతివి. ఎక్కువైతున్నదే, తగ్గియ్ అంటే తగ్గిస్తుంటి. కిస్తీల మీద ఇయ్యి అంటుంటి. ఏమనకుండ పోయి మిషన్ని అడిగినవ్."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. బేరమాడితే చులకన అవుతాననుకున్నానా, ఆమె శ్రమకి విలువ కట్టడం నాకు చిన్నతనంగా తోచిందా? బహుశా రెండూ. స్నేహితుల మధ్య డబ్బు మాట ఎందుకు అనుకునే మర్యాద మా యూనివర్సిటీ క్యాంటీన్లలో అబ్బిన మర్యాద. మా అమ్మమ్మకి ఆ మర్యాద లేదు. ఆడపిల్ల పుడితే ఇంత, మగపిల్లవాడైతే ఇంత, రెండు కుంచాల వడ్లు, ఒక చీర అని గుమ్మంలోనే చెప్పేది. ఆడపిల్లకి తక్కువెందుకని నేను చిన్నప్పుడు అడిగితే, "వాళ్లిచ్చేదే గంత" అంది.

నాలుగు వేలకే ఒప్పుకున్నాం. మూడు కిస్తీలు. మొదటిది అక్కడే ఫోన్లో పంపాను. ఆమె నోటుపుస్తకం తీసి, "ఇగ చెప్పు, మీ అమ్మమ్మ చేతులెట్లుంటయ్?" అంది.

పొట్టివా, పొడుగువా? కణుపులు లావా? గాజులు వేసుకునేదా, పనప్పుడు తీసేదా? నాకు గుర్తు రాలేదు. అమ్మమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆమె పాటలు రికార్డు చేశాను, కాన్పు మాటలు, మందుల పేర్లు, మొక్కుల పద్ధతులు అన్నీ రాసుకున్నాను, నా థీసిస్‌కి ఆమె సమాచారదాత నంబరు పదిహేడు. చేతులు రాసుకోలేదు. మా అమ్మకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"గోర్లా? మా అవ్వ గోర్లెన్నడు పెంచిందే? బండకు రాకేది. పొద్దుగాల లేవంగనే వాకిట్ల బండకు రాకి, ఆముదం వెట్టుకునేది. ఒక్క వేలు గరుకున్నా లోపట గీరుకపోతది, పిల్లకో తల్లికో అని. గాజులు మోచేతి దాక ఎగేసి గుడ్డతోని కట్టేది. ఎందుకడుగుతున్నవ్ గిప్పుడు?"

ఆటలో బొమ్మకోసమని చెబితే ఆమెకి అర్థం కాలేదు. "మంచిగ గియ్యమను" అంది.

ఎల్లవ్వ కాగితం మీంచి ఆ ప్రింటు పీకేశాను. జిగురు గట్టిది, కింది కాగితం కూడా కొంత చిరిగి వచ్చింది. శనివారం ఆటకి ఆమె మళ్లీ వస్తోంది. చిరిగిన గడిని చూసి మిగతావాళ్లు ఏమైందని అడిగారు, ఇద్దరం చెప్పలేదు. రెండో కిస్తీ ఈ నెల ఇచ్చాను. పోయిన ఆదివారం ఆమె ఒక పెన్సిల్ గీత ఫోటో తీసి పంపింది, రెండు చేతులు మాత్రమే, ముఖం ఇంకా మొదలుపెట్టలేదు. పొట్టి గోళ్లు, ఎగదోసి గుడ్డతో కట్టిన గాజులు. అమ్మకి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎడమచేతి చిటికెన వేలు ఇంత సాపుగా ఉండదు, చిన్నప్పుడు తలుపు సందుల పడి వంకరపోయింది అంది. ఆ మాట ఫోన్ చేసి చెప్పాను. దిద్దుతోంది.